నేరుగా అందే దారి

ప్రియమైన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు,

వార్షికోత్సవ సంచికకు పాత విద్యార్థులు ఏదైనా రాయాలని వార్డెన్ గారు కబురు పంపారు. "కష్టపడి చదవండి, పైకి రండి" అని రాయడం చాలా తేలిక. ఆ మాట మీరు ఏటా వింటూనే ఉన్నారు. అందుకని ఈసారి మేము చేస్తున్న పని గురించే రాద్దామనుకున్నాం. మేము ముగ్గురం ఒకే బ్యాచి. వజ్రపుకొత్తూరు హాస్టల్లో పక్కపక్క ట్రంకు పెట్టెలవాళ్లం. ఇప్పుడు ఒకరం బెంగళూరులో, ఒకరం హైదరాబాదులో, ఒకరం విశాఖపట్నంలో ఉన్నాం. బెంగళూరులో ఉన్నవారికి ఇదే ఉద్యోగం. మిగిలిన ఇద్దరం ఆదివారాలు ఫోనులో కలుసుకుని ఆ ప్రోగ్రాములను వరుసవరుసగా చదువుతాం. పని పేరు కాస్త పొడుగు. మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటర్లలో నడిచే వర్చువల్ మెషీన్లకు అసలు పరికరాలను నేరుగా అప్పగించే డ్రైవర్లను మెరుగుపరచడం. భయపడకండి. పదో తరగతి చదివేవారికి అర్థమయ్యేలా చెబుతాం.

మెయిన్‌ఫ్రేమ్ అంటే లక్షలాది లావాదేవీలను ఆగకుండా నడిపే పెద్ద కంప్యూటరు. 1964 ఏప్రిల్ 7న ఐబీఎం కంపెనీ సిస్టమ్/360 అనే యంత్రాల కుటుంబాన్ని ప్రకటించింది. నేటి మెయిన్‌ఫ్రేమ్‌లు దాని వారసులే. దాని తరువాతి తరమైన 370/155 యంత్రం 1973లో మద్రాసు ఐఐటీకి వచ్చింది. మన తెలుగువాళ్లకు ఈ మాట బాగా పరిచయమైంది మాత్రం 2000 సంవత్సరం వస్తోందనగా. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెల్లోనే రాసుకున్నారు. 00 అంటే 1900 అనుకుంటాయేమోనని ప్రపంచమంతా కంగారు పడింది. అప్పుడు హైదరాబాదు అమీర్‌పేటలో కోబాల్, జేసీఎల్ నేర్చుకున్న మన పిల్లలు ఎందరో అమెరికా వెళ్లారు. అప్పటినుంచి మన ఇళ్లలో మెయిన్‌ఫ్రేమ్ అంటే ఒక కోర్సు, ఒక ఉద్యోగం. ఆ యంత్రం లోపల ఏం జరుగుతుందో అడిగినవారు తక్కువ. మేమూ ఉద్యోగాల్లో చేరాకే అడిగాం.

ముందు వర్చువల్ మెషీన్ సంగతి. ఒక పెద్ద కంప్యూటరును అనేక చిన్న కంప్యూటర్లుగా కనిపించేలా చేయడాన్నే ఆ పేరుతో పిలుస్తారు. 1967లో ఐబీఎం వారి కేంబ్రిడ్జి కేంద్రంలో సీపీ-40 అనే వ్యవస్థ ఈ పని చేసి చూపింది. 1972లో వీఎం/370 పేరుతో అది అందరికీ అమ్మకానికి వచ్చింది. ఇప్పుడు లైనక్స్‌లో కేవీఎం అనే భాగం ఇదే పని చేస్తుంది. ఒక్కో చిన్న కంప్యూటరును అతిథి అంటాం. ప్రతి అతిథీ యంత్రమంతా తనదే అనుకుంటుంది. నిజానికి వెనుక ఒక పర్యవేక్షకుడు ఉంటాడు. అతని పేరు హైపర్వైజర్.

అతిథికి డిస్కు కావాలంటే మామూలు పద్ధతి ఏమిటంటే, హైపర్వైజర్ ఒక బొమ్మ డిస్కును చూపిస్తాడు. అతిథి అడిగినప్పుడల్లా అతనే అసలు డిస్కు దగ్గరకు వెళ్లి తెచ్చి ఇస్తాడు. చాలా పనులకు ఇది చాలు. కానీ బొమ్మ డిస్కుకు అసలు డిస్కు చేసే పనులన్నీ రావు. ఒక డిస్కును కాసేపు తనకొక్కడికే కేటాయించుకోవడం, దానికి వెళ్లే దారులను తానే చూసుకోవడం వంటివి కావాలంటే అసలు పరికరమే అతిథి చేతికి రావాలి. అలా అప్పగించడాన్ని పాస్‌త్రూ అంటారు.

అప్పగించేస్తే సరిపోతుంది కదా, ఇంకా డ్రైవర్ ఎందుకు అని మీరు అడగవచ్చు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. మన హాస్టల్ ఉదాహరణతోనే చెబుతాం. ప్రతి గదిలోనూ చోట్లకు ఒకటి నుంచి అంకెలు వేశామనుకోండి. ఇంటినుంచి వచ్చిన పార్సిలు మీద "5వ నంబరు కుర్రాడికి" అని మాత్రమే ఉంది. ఏ గదిలో 5? ప్రతి గదిలోనూ ఒక 5 ఉంది. తెచ్చినవాడు కనిపించిన మొదటి గదిలో పెట్టేసి పోతే ఒకరి అరిసెలు మరొకరు తింటారు.

మెయిన్‌ఫ్రేమ్‌లో డిస్కుతో మాట్లాడడానికి అతిథి ఒక ఆజ్ఞల చీటీ రాస్తుంది. దాన్ని ఛానెల్ ప్రోగ్రామ్ అంటారు. అందులో ఒక్కో ఆజ్ఞ 8 బైట్లు. ఏం చేయాలి, ఎంత సమాచారం, మెమరీలో ఏ చిరునామాలో పెట్టాలి అన్నవి అందులో ఉంటాయి. ఆ చిరునామా అతిథి తన గదిలో వేసుకున్న అంకె. డిస్కుకు గదులు తెలియవు, భవనం మొత్తానికి వేసిన అసలు అంకెలే తెలుసు. చీటీని ఉన్నదున్నట్టు పంపితే సమాచారం వేరే అతిథి మెమరీలో పడుతుంది. ఒక బ్యాంకు లెక్కల మీద మరో సంస్థ లెక్కలు వచ్చి పడినట్టే.

మన బల్లల మీది కంప్యూటర్లలో పీసీఐ కార్డుల కోసం ఈ చిరునామాలు మార్చే పనిని ఒక ప్రత్యేక సర్క్యూటు చూసుకుంటుంది. మెయిన్‌ఫ్రేమ్ ఛానెల్ పరికరాలకు అటువంటిది లేదు. అందుకని డ్రైవరే ఆ చీటీకి నకలు తీసి, ప్రతి చిరునామాను అసలు చిరునామాగా తిరగరాసి, ఆ తరువాత డిస్కుకు పంపాలి. అంతేకాదు, పని పూర్తయ్యేవరకు ఆ మెమరీ పేజీలను కదలకుండా పట్టి ఉంచాలి. పార్సిలు వచ్చేలోగా కుర్రాడు చోటు మారిపోతే ఎలా? 1972 నాటి వీఎం/370 కూడా ఇదే చిరునామాల పని చేసింది. యంత్రాలు మారాయి కానీ ప్రశ్న మారలేదు.

లైనక్స్‌లో ఈ పని చేసే డ్రైవర్ పేరు వీఎఫ్ఐఓ-సీసీడబ్ల్యూ. 2017లో లైనక్స్ 4.12తో అది లోకానికి వచ్చింది. వచ్చిన రోజునే అన్నీ చేయగలిగిందనుకోకండి. చీటీ పంపడం వచ్చు గానీ, పంపిన పనిని మధ్యలో ఆపమని చెప్పే సౌకర్యం సరిగా లేదు. అది 2019లో చేరింది. అప్పగించిన డిస్కునుంచే అతిథి తన వ్యవస్థను మొదలుపెట్టే వీలు 2019, 2020 సంవత్సరాల్లో మెల్లగా కుదిరింది. చీటీలో వరుసగా 256 ఆజ్ఞలకు మించకూడదన్న హద్దు కూడా అందులో రాసి ఉంది. పొడవుకు హద్దు లేకపోతే ఒక్క అతిథి రాసిన చీటీతోనే పర్యవేక్షకుడి మెమరీ నిండిపోవచ్చు.

2020లో జరిగిన ఒక మార్పు మన ఉద్దానంవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి చెట్లు, జీడిమామిడి చెట్లు రోడ్లకు అడ్డంగా పడిపోయాయి. ఒక దారి మూసుకుపోతే మరో దారి వెతుక్కుని పలాస చేరినవాళ్లు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. ఏ దారి తెగింది, ఏది తెరిచారు అన్న కబురు అందడమే ఆ రోజుల్లో పెద్ద సాయం. మెయిన్‌ఫ్రేమ్ డిస్కుకు కూడా ఒకటి కాదు, ఎనిమిది వరకు దారులు ఉండవచ్చు. ఒకటి తెగితే ఇంకొకటి. కానీ దారి తెగిందనీ, మళ్లీ వచ్చిందనీ అతిథికి కబురు చేరవేసే ఏర్పాటు మొదట్లో లేదు. 2020లో అది చేర్చారు. వేగం ఏమీ పెరగలేదు. కబురు మాత్రం అందింది. మెరుగుపరచడమంటే ఎప్పుడూ వేగమే కాదని మేము నేర్చుకున్నది అక్కడే.

ఇలాంటివే మరో రెండు. రహస్య సంకేతాలు రాసే క్రిప్టో కార్డులను అప్పగించే వీఎఫ్ఐఓ-ఏపీ డ్రైవర్ 2018 చివర లైనక్స్ 4.20తో వచ్చింది. మొదట్లో అతిథికి కేటాయించిన వాటా మార్చాలంటే దాన్ని ఆపాల్సి వచ్చేది. 2022లో, అతిథి నడుస్తుండగానే వాటా కలపడానికి, తీయడానికి వీలు కల్పించారు. పీసీఐ కార్డుల విషయంలో అతిథి ఇచ్చే ప్రతి ఆజ్ఞా బయటకు వచ్చి, పర్యవేక్షకుడి చేతిమీదుగా వెళ్లేది. 2022 మార్పులతో వాటిలో చాలామటుకు యంత్రమే స్వయంగా చూసుకుంటోంది. ఇక్కడ నిజంగానే వేగం పెరిగింది. ఈ మార్పులన్నీ ఏ ఒక్కరో ఒక రాత్రిలో చేసినవి కావు. ఒకరు రాసి పంపుతారు, పదిమంది చదివి ప్రశ్నిస్తారు, మళ్లీ రాస్తారు. మూడోసారి, ఐదోసారి పంపిన తరువాత గానీ కొన్ని మార్పులు లోపలికి వెళ్లవు. చిరునామా ఒక్కటి తప్పితే పక్కవారి మెమరీ పాడవుతుందని అందరికీ తెలుసు. అందుకే ఎవరూ తొందరపడరు.

ఆ మధ్య సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు హాస్టల్ పిల్లలకు ఇదంతా నల్లబల్ల మీద గీసి చెప్పాం. వెనుక వరుసలోంచి ఒక ఎనిమిదో తరగతి కుర్రాడు లేచి, "అన్నియ్యా, ఆ పెద్ద మిషన్ని మనల్ని ముట్టుకోనిస్తారేటి?" అని అడిగాడు. అందరూ నవ్వారు. మాకు నవ్వు రాలేదు. ఊరి బావి దగ్గర దూరంగా నిలబడి, ఎవరో తోడి పోస్తే దోసిలి పట్టిన మా తాతలు మాకు గుర్తొచ్చారు. ఆ నీళ్లతోనూ దాహం తీరుతుంది. కానీ తోడి పోసేవాడి ఓపిక మీద, దయ మీద మన దాహం ఆధారపడి ఉంటుంది. చేద మన చేతిలో ఉండడం వేరు.

అలాగని అడ్డూ అదుపూ లేకుండా ఎవరికి వారు వదిలేయమని మేము అనడం లేదు. ఈ డ్రైవర్లు మాకు నేర్పింది ఇదే. మధ్యలో ఉన్నవాడి పని ఆపడం కాదు, చిరునామా సరిచూడడం. నీది నీకు నేరుగా అందాలి, నీ చేయి పక్కవాడి పెట్టెలోకి వెళ్లకూడదు. ఈ రెండూ ఒకేసారి కుదిరించడమే కష్టం. ఒకటి మాత్రమే చాలనుకుంటే పని చాలా సులువు. అందరినీ ఆపేయవచ్చు, లేదా అందరినీ వదిలేయవచ్చు. రెండూ కావాలనుకున్నవాళ్లే ఇన్నేళ్లుగా కూర్చుని ఆ ప్రోగ్రాములు రాస్తున్నారు.

ఇక ఆ కుర్రాడికి చెప్పిన జవాబు మీకూ చెబుతాం. ఈ డ్రైవర్ల ప్రోగ్రాములు దాచిపెట్టినవి కావు. లైనక్స్ మూలంతో పాటు ఎవరైనా ఉచితంగా తెచ్చుకుని చదువుకోవచ్చు. వాటి వివరణ కూడా అక్కడే ఉంటుంది. మామూలు ల్యాప్‌టాప్‌లో క్యూఈఎంయూ అనే ప్రోగ్రాము వేసుకుంటే అది మెయిన్‌ఫ్రేమ్ ప్రాసెసర్‌ను అనుకరిస్తుంది. నెమ్మదిగా నడుస్తుంది, అయినా నడుస్తుంది. కేవీఎం-యూనిట్-టెస్ట్స్ అనే పరీక్షల కట్టలో మెయిన్‌ఫ్రేమ్ ఛానెల్ పద్ధతికి ఒక చిన్న పరీక్ష ఉంది. అది పరికరాన్ని "నువ్వెవరు?" అని అడిగి, వచ్చిన జవాబు సరైనదో కాదో చూస్తుంది. ఛానెల్ ప్రోగ్రామ్ అంటే ఏమిటో తెలుసుకోవడానికి అంతకంటే మంచి మొదటి పాఠం మాకు దొరకలేదు. 2015లో లైనక్స్ ఫౌండేషన్ కింద మొదలైన ఓపెన్ మెయిన్‌ఫ్రేమ్ ప్రాజెక్టు విద్యార్థులకు పెద్దల దగ్గర పని నేర్చుకునే అవకాశాలు కల్పిస్తూ వచ్చింది.

ఉన్నమాట ఉన్నట్టు చెప్పాలి కదా. అనుకరణలో చదవడం, రాయడం, కొన్ని పరీక్షలు చేయడం కుదురుతుంది. అసలు డిస్కును అతిథికి అప్పగించి చూడాలంటే అసలు యంత్రమే కావాలి. అది కొద్ది సంస్థల దగ్గరే ఉంది. ఆ తలుపు ఇంకా పూర్తిగా తెరుచుకోలేదు. అందుకే మేము ముగ్గురం పని పంచుకున్నాం. ఇద్దరం చదివి సందేహాలు రాసి పెడతాం. యంత్రం అందుబాటులో ఉన్నవారు అక్కడి పద్ధతి ప్రకారం వీలైనవి పరీక్షిస్తారు. మాది తెలుగు మీడియం. మొదటి ఏడాది ఒక్కో పేజీకి ఒక్కో ఆదివారం పట్టింది. ఇంగ్లీషు మాటలకు ఒక నోటు పుస్తకంలో మా తెలుగు రాసుకున్నాం. "పిన్" అన్నచోట "కదలకుండా పట్టు" అని, "గెస్ట్" అన్నచోట "అతిథి" అని. ఆ నోటు పుస్తకం నకలు హాస్టల్ లైబ్రరీ బీరువాలో పెట్టమని వార్డెన్ గారికి పంపుతున్నాం. తప్పులు కనిపిస్తే దిద్దండి. కొత్త మాటలు దొరికితే చేర్చండి. ఖాళీ పేజీలు చాలానే ఉన్నాయి.

ఇట్లు,
మీ అన్నయ్యలు,
హాస్టల్ పూర్వ విద్యార్థులు