పడవకు ఊపిరి

హైదరాబాదులో పడవ సామాను ఎక్కడ దొరుకుతుందని మా బావగారు అడిగితే నాకు నవ్వొచ్చింది. సముద్రం చూడాలంటే మనం రాత్రంతా రైల్లో కూర్చోవాలి! అయితేనేం, 1562 ప్రాంతంలో ఇబ్రహీం కుతుబ్‌షా కాలాన కట్టిన హుస్సేన్‌సాగర్ ఉంది. వానాకాలపు గాలికి అందులో ఈనాటికీ తెరచాప పడవలు పందేలు వేస్తాయి. బావగారికీ అక్కడొక పాత చెక్కపడవ ఉంది.

దాని ముందుభాగం పైన చెక్కతో కప్పి ఉంటుంది. కింద తెరచాపలూ, తాళ్ళూ దాచుకొనే గూడు. పైన పుట్టగొడుగులాంటి ఇత్తడి గాలిమూత. మర తిప్పితే మూత లేచి లోపల గాలి ఆడుతుంది. వంగిన అంచు వానను ఆపుతుంది. రెండేళ్ళ క్రితం అది విరిగితే, రంగు వేయవచ్చినవాడు కన్నాన్ని లప్పంతో పూడ్చిపోయాడు.

ఈ వేసవిలో గూడు తలుపు తీస్తే గుప్పున బూజువాసన. తెరచాప నిండా నల్లమచ్చలు. కన్నం చుట్టూ చెక్క వేలికి మెత్తగా తగిలింది. పడవను నీళ్ళే చెరుస్తాయనుకుంటాం గాని, లోపల చిక్కి కదలని చెమ్మ అంతకంటె చెరుపు.

“కట్టెలకింద అమ్మెయ్యండి,” అంది అక్కయ్య. బావగారు బదులు చెప్పలేదు. శ్రావణంలో అమెరికానుంచి అబ్బాయి వస్తున్నాడు. వాడికి ఆయన చుక్కాని పట్టడం నేర్పింది ఆ పడవలోనే.

తొందరలో ఆదివారంనాడే ఆబిడ్స్ చేరాం. ఆరవ నిజాము కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ పెట్టిన దుకాణంవల్ల వచ్చిన పేరిది. ఆదివారం చాలా దుకాణాలు మూసి ఉంటాయి. వాటి ముందు పాత పుస్తకాలు పరుచుకుంటాయి. అక్కడే పడవల పుస్తకమొకటి దొరికింది. 1930లో నీటికి దిగిన ‘డొరేడ్’ అనే అమెరికా పడవ పేరుతో పిలిచే గాలిపెట్టె బొమ్మ అందులో ఉంది. గాలితోపాటు వచ్చిన నీళ్ళు పెట్టెలో పడి, అడుగు రంధ్రాలగుండా బయటికి పోతాయి. ఎత్తుగా నిలబెట్టిన రెండో గొట్టంగుండా గాలి మాత్రం లోపలికి దిగుతుంది.

మర్నాడు ట్రూప్‌బజారు తిరిగాం. ఒక దుకాణదారు స్నానాలగది జాలీ తెచ్చాడు. ఇంకొకాయన, “సెప్టిక్ ట్యాంకు గొట్టానికా, సార్?” అన్నాడు. బావగారు చిన్నబుచ్చుకొని, ఏదో ఒకటి కొనాలన్నట్టు జాలీ కొన్నారు.

చివరికి నాంపల్లిలో, 1907నాటి రైలుస్టేషనుకు దగ్గరి సందులో, లేత్‌మిషను పెట్టుకొన్న ముసలి మిస్త్రీ కనిపించాడు. విరిగిన ముక్క చూసి, “ఇదేంది సార్, హుక్కా మూతా?” అన్నాడు. సంగతి చెప్పాం. “పడవకు ఊపిరి తియ్యనీకా? అట్ల చెప్పుండ్రి!” అని కొలతలు తీసుకున్నాడు. ఇనుప స్క్రూలు వద్దన్నాడు: తడిలో ఇత్తడి పక్కనుంటే ఇనుము త్వరగా తినేసుకుంటుందట. “రేపు” అన్నవాడు అయిదో రోజున ఇచ్చాడు గాని, మూత అద్దంలా ఉంది.

బిగించడానికి ఒక ఆదివారం పట్టింది. మెత్తబడిన చెక్కను గట్టిచెక్క తగిలేదాకా గీకి, ఆరనిచ్చి, అంచుకు ఎపాక్సీ పట్టించాం. నీళ్ళు నిలవకుండా కొంచెం ఎత్తుగా టేకు దిమ్మ వేశాం. మూతకింద సీలెంటు పూసి, ఎదురెదురు స్క్రూలు జతజతగా బిగించాం. ఒకేసారి గట్టిగా బిగిస్తే సీలెంటంతా బయటికి వచ్చేస్తుంది. అందుకని చివరి చుట్టు మర్నాటికి ఉంచాం.

బిందెడు నీళ్ళు పోశాం. చుక్క దిగలేదు. కాని గాలి పోవాలంటే వచ్చే దారీ ఉండాలిగా! అప్పుడు బావగారికి జాలీ గుర్తొచ్చింది. గూడు తలుపుకు కోసి అమర్చారు.

అక్కయ్య ఏమీ అనకుండా సంచీలోంచి అగరువత్తి తీసి, వెలిగించి, జాలీ దగ్గర పట్టుకుంది. పొగ లోపలికి పోయింది. ముగ్గురం మూతవంక చూస్తూ నిలబడ్డాం. కాసేపటికి ఇత్తడి గొడుగుకింద నుంచి సన్నగా పొగ లేచింది.

“వాడు వచ్చే తేదీ ఎప్పుడన్నారు?” అంది అక్కయ్య.