చిరునామా నడుగు చోటు

సంతోష్‌నగర్‌లోని మా యింటికి సాయంకాలము చదువుకొన వచ్చు బాలికలలో నొకతె, పాఠమునకై బొమ్మలు వెదకుచు చూడరాని చిత్రమును జూచి బెదరి, నాలుగు దినములు రాదయ్యెను. ఆమె తల్లికి మేమేమని సమాధానము చెప్పగలము?

పేరు చెప్పినచో అంకెల చిరునామా నిచ్చునది డి.ఎన్.ఎస్. అట్టి చిత్రములను వడగట్టుటకు గూగులువారు ‘ఫోర్స్‌సేఫ్‌సెర్చ్.గూగుల్.కామ్’ అను పేరును, 216.239.38.120 అను చిరునామాను వేఱుగ నేర్పఱచియున్నారు. గూగులునకు బదులు ఈ చిరునామాయే దొరకునట్లు మావారు బాలికల కంప్యూటరులో వ్రాసిరి. ఫలము శూన్యము! విచారింపగా, మా కంప్యూటరులన్నియు ప్రాక్సీ సర్వరు ద్వారమున బోవునవి; చిరునామా నడుగునది ప్రాక్సీయే. పెత్తనము అత్తగారిదైనపుడు కోడలి చెవిలో జెప్పిన నేమి లాభము? (మా అత్తగారీ పత్రికను జదువరు.)

పిమ్మట ప్రాక్సీ యడుగు డి.ఎన్.ఎస్.నందే గూగుల్.కామ్, గూగుల్.కో.ఇన్ రెంటికిని మార్పు వ్రాసిరి. ప్రాక్సీ పాత జవాబును జ్ఞాపకముంచుకొనును గావున దానిని మరల నడిపింపవలసివచ్చెను. అప్పుడు వడపోత కుదిరినది. యూట్యూబునకు ‘రిస్ట్రిక్ట్’, బింగునకు ‘స్ట్రిక్ట్’ అను పేరులు గలవు. అయిన నిది వెదకులాటకే కాపు; సొంత డేటాతో నడచు చేతిఫోనును ఇది యంటదు.

మేమే పోయి బాలికను బిలిచితిమి. తల్లియు వెంట వచ్చి, ప్రక్కన గూర్చుండి, తానే వెదకి చూచెను.