తొమ్మిది స్వేచ్ఛలు

మా అమరచింతలో మగ్గం చప్పుడు వినని ఇల్లాలు ఉండదు. ఆ మగ్గం మీద నాడె ఎంత చురుగ్గా పరుగెత్తినా పాపం, అటూ ఇటూ తప్ప దానికి మరో దారి లేదు. అదే మన వంటింటి ఈగను చూడండి! అటూ ఇటూ, ముందుకీ వెనక్కీ, పైకీ కిందికీ – దానికి మూడు దారులు. ఇలా ఒక వస్తువు ఎన్ని విధాలుగా కదలగలదో లెక్క కట్టి, సైన్సువాళ్ళు ‘డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్’ అన్నారు. మనం స్వేచ్ఛలనుకుందాం.

ఈ సంగతి నాకు చెప్పింది మా ఆడపడుచు కూతురు. బియ్యెస్సీ చదువుతోంది.

“అత్తా, నీళ్ళ అణువులో రెండు హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్. విడివిడిగా ఉంటే ఒక్కోదానికి మూడేసి, మొత్తం తొమ్మిది స్వేచ్ఛలు. ముగ్గురూ చేతులు పట్టుకున్నాక ఎన్ని?”

“సంసారంలో పడ్డాక ఇంకా స్వేచ్ఛేమిటే?” అన్నాను.

“అదేం కాదు, తొమ్మిదీ ఉంటాయి! అందరూ కలిసి ప్రయాణానికి మూడు, గిరగిరా తిరగడానికి మూడు, మిగిలిన మూడూ లోపలి కంపనాలు” అంది.

ఆ కంపనాల్లో ఒకదానిలో హైడ్రోజన్లు రెండూ ఒకేసారి ఆక్సిజన్ దగ్గరికొచ్చి ఒకేసారి దూరం జరుగుతాయిట. రెండోదానిలో ఒకటి దగ్గరైతే ఇంకోటి దూరం – అచ్చం మన తోడికోడళ్ళే! మూడోదానిలో రెండూ కత్తెరలా ముడుచుకుని తెరుచుకుంటాయి. కార్బన్ డయాక్సైడుకైతే మూడు పరమాణువులూ ఒకే వరసలో ఉంటాయి గనక, తిరగడానికి రెండే, కంపనాలు నాలుగు. అది అలా వంగుతూ లేస్తూనే భూమి విడిచే వేడిని పట్టుకుంటుంది. ఎండలు ముదరడం వెనక దాని వంతు కూడా ఉందన్నమాట.

ఈ లెక్కల్లో మన తెలుగువారి చెయ్యీ ఉంది. 1928లో రామన్‌గారు కనిపెట్టిన ఫలితంతో, చెదిరిన వెలుగును బట్టి అణువుల కంపనాలు తెలుసుకునే వీలు కలిగింది. ఆయన దగ్గర పనిచేసిన సూరి భగవంతంగారు, వెంకటరాయుడుగారితో కలిసి ఆ కంపనాలు లెక్కగట్టే పద్ధతి మీద పెద్ద పుస్తకమే రాశారు. 1950లలో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా కూడా ఉన్నారు.

అన్నిటికన్నా నన్ను పట్టుకున్నది నైట్రోజన్ సంగతి. మనం పీల్చే గాలిలో ముప్పాతిక పైన అదే. దానికీ ఒక కంపనం ఉంది. కానీ మామూలు వేడిలో ఆ కంపనం మేలుకోదు. మేలుకోవడానికి కావలసిన శక్తి చిల్లరగా ఇస్తే కుదరదు, మొత్తం ఒక్కసారే ఇవ్వాలి. పూర్వం మాక్స్‌వెల్ అంతటివాడికే ఈ లెక్క తేలలేదు. క్వాంటం సిద్ధాంతం వచ్చాక గానీ ముడి విడలేదు.

అంటే స్వేచ్ఛ లెక్కలో ఉంది, వాడుకోవడానికి ఆధారం లేదు!

మేనకోడలికి హైదరాబాదులో ఎమ్మెస్సీ సీటు వచ్చింది. ఇంట్లో ఎవరూ వద్దనలేదు. “చదువుకోనీ, మేం కాదన్నామా?” అన్నారు. హాస్టలు ఖర్చు మాట వచ్చేసరికి అందరూ గోడ మీది క్యాలెండరు చూశారు. తలో వందా ఇస్తామన్నారు. చిల్లరతో లేచేది కాదది.

గద్వాల పట్టుచీర కోసమని చిట్టీ ఎత్తిన డబ్బు నా దగ్గరుంది. దాన్ని మొత్తం ఒక్కసారే దాని చేతిలో పెట్టాను.

పక్కింటి అవ్వ ఊరుకుంటుందా? “గా పిల్ల సదువుకు నువ్వెందుకు పైసలియ్యాలె బిడ్డా?” అంది.

“దానికి నైట్రోజన్ బాధవ్వా” అన్నాను.

“అయ్యో, గట్లనా! మరి జల్ది పంపియ్యి బిడ్డా, ఆలస్యం చెయ్యకు” అంది, పాపం.