పేరడగని ఊరు

మేం అంటే ఎంతమందని అడక్కండి. ఉర్దూలో 'హమ్' అంటే ఒక్కడైనా కావచ్చు, ఇంటిల్లిపాదీ కావచ్చు. యాకుత్‌పురాలో రెండు గదుల ఇంట్లో ఒక్కడు అనుకుని ఒక్కడు చేసే పనేదీ ఉండదు. సెలవులకు ఏ ఊరెళ్లాలనేది అసలే ఉండదు.

2025లో రంజాన్ ఇంకా రాకముందే దస్తర్‌ఖాన్ దగ్గర ఈ మాట మొదలైంది. పెళ్లికో మయ్యత్‌కో తప్ప ఊరు దాటని కుటుంబం మాది. ఈసారి ఎవరి పెళ్లీ లేకుండా, ఎవరి చావూ లేకుండా, ఊరికే ఒక ఊరెళ్లి తిరిగిరావాలనుకున్నాం. మూడేళ్లు కట్టిన చిట్టీ డబ్బు చేతికొచ్చింది. డిగ్రీ చదివే మా బిడ్డ తనకు రెండే కావాలంది. కాళ్లతో తిరిగే ఊరు కావాలి. రాత్రి పదకొండింటికి ఐస్‌క్రీం తింటూ నడుస్తుంటే ఎవడూ తేరిపార చూడకూడదు. 'నైట్‌లైఫ్' అనే మాట వాడింది. బేగం ఉలిక్కిపడింది. ఆ మాట వింటే మా ఇళ్లల్లో సీసాలూ గ్లాసులే కళ్లముందుకొస్తాయి. అమ్మీ మాత్రం నింపాదిగా, "రౌనక్ ఉండాలంటోంది పిల్ల, అంతేగా" అంది.

అంతే మరి. ఇంగ్లీషు మాట రాకముందునుంచీ మా దగ్గరున్న మాట అది. అమ్మీకి రౌనక్ అంటే తెలుసు. పెళ్లై వచ్చిన కొత్తలో రంజాన్ ఆఖరి పది రాత్రులు అత్తగారితో, తోటికోడళ్లతో కలిసి చార్మినార్ దాకా నడిచి వెళ్లేదట. లాడ్‌బజార్‌లో గాజులు, పత్తర్‌గట్టీలో బట్టలు, సహరీ వేళకు తిరిగి ఇంటికి. ఏడాది మొత్తంలో ఆడవాళ్లకు రాత్రి దక్కేది ఆ పది రోజులే. మిగతా రాత్రులన్నీ మగాళ్లవి, వీధికుక్కలవి, పోలీసులవి.

మగాళ్లవి అన్నామా? అదీ పూర్తిగా నిజం కాదు. 1990 డిసెంబర్ అల్లర్లప్పుడు మేం చిన్న క్లాసుల్లో ఉన్నాం. కర్ఫ్యూ సడలించిన కాసేపట్లో పాలకోసం పరుగెత్తడం, సైరన్ వినపడితే గోడకు అతుక్కుపోవడం. వీధిలో నడక అంటే మాకు మొదట తెలిసింది అదీ. తర్వాత బీఏ చదివి, మొదట ఉర్దూ పత్రికలో, ఆ తర్వాత తెలుగు పత్రికలో చేరాం. డెస్కు పని. ఎడిషన్ దింపి ఇల్లు చేరేసరికి రెండు దాటుతుంది. దారిలో ఆపుతారు. ఎక్కణ్నుంచి? ఆఫీసునుంచి. ఏ ఆఫీసు? చెబుతాం. అక్కడిదాకా అడిగేవాళ్ల గొంతు మామూలుగానే ఉంటుంది. పేరు? చెబుతాం. ఆ తర్వాత ఒక చిన్న ఖాళీ. బండి ఇంజన్ ఒకసారి దగ్గి ఊరుకునేంత ఖాళీ. అప్పుడు ఐడీ కార్డు తియ్యమంటారు. 'తెలుగు మంచిగా మాట్లాడుతున్నవే' అని ఒక్కోసారి మెచ్చుకుంటారు కూడా.

2015లో పాతబస్తీలో 'మిషన్ చబుత్రా' అని పెట్టారు. అర్ధరాత్రి దాటాక అరుగులమీద కూచున్న కుర్రాళ్లను పట్టుకెళ్లడం, అమ్మానాన్నల్ని పిలిపించి కౌన్సెలింగ్ చెయ్యడం. ఆ కుర్రాళ్ల ఆగం మాకు తెలీంది కాదు, వాళ్ల బండ్ల మోత భరించింది మేమే. మంచిపనే అన్న తల్లులూ మా మొహల్లాలో ఉన్నారు. గానీ రెండు గదుల్లో ఎనిమిదిమంది ఉండే ఇంటికి ఆ అరుగే డ్రాయింగ్‌రూమ్ అని ఎవరికి చెప్పాలి? హైటెక్ సిటీలో ఆ వేళకు తిరిగితే నైట్‌లైఫ్. యాకుత్‌పురాలో తిరిగితే ఆవారాగిరీ.

జిద్దాలో ఉన్న తమ్ముడు ఫోన్లో దుబాయ్ అన్నాడు. అక్కడ రాత్రి ఉంది, నడక లేదు. మాల్‌నుంచి మాల్‌కు కారు. రోడ్డుపక్కన నడిచేవాళ్లు కూలీలు, వాళ్లలో మన కరీంనగర్, నిజామాబాద్ పిల్లలు ఎందరో. వాళ్లముందునుంచి ఏసీ కారులో పోవడానికి చిట్టీ డబ్బు తగలెయ్యాలా? గోవా అనగానే బేగం లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఇస్తాంబుల్ అన్నది బిడ్డే. టర్కీ సీరియళ్లు చూసిచూసి ఆ వీధులన్నీ దానికి కంఠతా వచ్చు. తక్సీమ్ నుంచి కిలోమీటరున్నర దాకా ఇస్తిక్లాల్ వీధి, కార్లు రావు, పాత ఎర్ర ట్రామ్ ఒక్కటే జనం మధ్యనుంచి మెల్లగా పోతుంది. గలాతా వంతెనమీద చేపల గాలాలు వేసుకుని వరసగా నిలబడ్డ మనుషులు. ఫెర్రీ ఎక్కితే టీ గ్లాసు చల్లారేలోపు యూరప్ నుంచి ఆసియా. మాకు ఇంకో ఆశ ఉంది. దునియా, కితాబ్, ఖలమ్, హవా, షెహర్, ఈ మాటలన్నీ కొంచెం యాస మార్చుకుని అక్కడా ఉన్నాయి. మా 'ఉర్దూ' అనే పేరే తుర్కీ మాట, అక్కడ ఇప్పటికీ 'ఒర్దు' అంటే సైన్యం. 1928లో వాళ్లు లిపి మార్చుకున్నారు. పాత సమాధులమీదా ఫౌంటెన్లమీదా ఉన్న రాత అక్కడి పిల్లలు చదవలేరు. మా అమ్మీ కూడబలుక్కుని నాలుగు అక్షరాలైనా పట్టుకుంటుంది. అమ్మీ లెక్క ఇంకొకటి. ఆఖరి ఖలీఫా కూతురు దుర్రుషెహ్వార్ 1931లో నిజాం పెద్దకొడుకును చేసుకుని మా ఊరికి కోడలుగా వచ్చింది. పురానీ హవేలీలో ఆమె పేరుమీద పిల్లల ఆసుపత్రి ఉంది. "మన షెహజాదీ పుట్టిల్లు చూసొద్దాం" అంది అమ్మీ, అదేదో పక్క మొహల్లా అయినట్టు.

ఇక్కడొక మాట చెప్పాలి. మా తాతది నల్లగొండ దగ్గర పల్లె. అక్కడ మమ్మల్ని తురకోళ్లంటారు. మేం ఇంట్లో మాట్లాడేది తురకం. తురక అంటే తుర్కు. ఏ కాలంలోనో ఏ సైన్యం వెంటో వచ్చినవాళ్ల పేరు, ఇక్కడే పుట్టి, ఇక్కడి చెలకల్లో కలుపు తీసి, ఇక్కడి మట్టిలోనే పడుకున్న మా తాతముత్తాతలకు అంటుకుంది. మా తాతకు టర్కీ ఏ దిక్కున ఉందో చచ్చేదాకా తెలీదు. పీర్లు లేచినప్పుడు ఊరంతా ఆయన్ని పిలిచేది, బోనాలప్పుడు ఆయన ఊరివెంట నడిచేది. ఆ పల్లెలో ఆ పిలుపులో వరస కూడా కలిసుండేది, 'తురక మామా' అని. అందుకే మేం నవ్వుకున్నాం. తురకోళ్లం ఇన్నాళ్లకు తుర్కీ చూడబోతున్నాం, అసలు తురకలు మమ్మల్ని చూసి 'హింద్‌వాళ్లొచ్చారు' అంటారు చూడండి, అని.

వీసా కాగితాలు సర్దుకుంటున్నాం. ఏప్రిల్ 22న పహల్గామ్‌లో 26 మందిని చంపారు. దాదాపు అందరూ మంచుకొండలు చూద్దామని సెలవుల్లో వెళ్లినవాళ్లే. పేరడిగి, మతమడిగి, కలిమా చదవమని కాల్చారని బతికినవాళ్లు చెప్పారు. ఆ రాత్రి ఆ వార్త దిద్దింది మేమే. 'పేరు అడిగి' అన్నచోట చెయ్యి ఆగిపోయింది. మా పేరు తర్వాత వచ్చే ఖాళీ మాకు తెలుసు. ఆ ఖాళీలో తూటా పట్టొచ్చని తెలీదు. మా తాత ఆఖరి ఊపిరి దాకా పెదాలమీద పెట్టుకున్న కలిమాను తీసుకెళ్లి తుపాకీ పక్కన నిలబెట్టారు. ఇల్లు చేరాక ఆ రాత్రి ఎవరితోనూ మాట్లాడలేదు. అమ్మీ తస్బీ తిప్పుతూనే ఉంది.

మే 7 తర్వాత నాలుగు రోజులు యుద్ధం. టర్కీ పాకిస్తాన్ పక్కన నిలబడి మాట్లాడింది. మనమీదికొచ్చిన డ్రోన్లు టర్కీవని మన ప్రభుత్వం చెప్పింది. టర్కీకి ఎవరూ పోవద్దని పిలుపులొచ్చాయి, వేల టిక్కెట్లు రద్దయ్యాయి. మాకూ కోపమొచ్చింది. గానీ మా కోపం తీసి బల్లమీద పెట్టి చూపిస్తే తప్ప చెల్లదు. మా ఆఫీసులో ఒకాయన తన టర్కీ టూరు రద్దు చేసుకుని వాట్సాప్‌లో పెట్టాడు, అందరూ చప్పట్లు కొట్టారు. మంచిపనే. మేం రద్దు చేసుకుంటే భయపడ్డారంటారు. వెళ్తే చూశారా అంటారు. ఆయనది టూరు, మాది వాంగ్మూలం. ఇంకొకతను, రోజూ మా డబ్బాలోంచి ఖీమా తినేవాడే, మంచివాడే, నవ్వుతూ అడిగాడు: "ఇంక మీ దేశం పోరా?" పల్లెలో మామ వరసతో వచ్చిన మాటకు న్యూస్‌రూమ్‌లో పాస్‌పోర్టు తగిలించారు.

మానుకున్నాం. దేశంమీది ప్రేమతోనా, భయంతోనా అంటే రెండూ ఉన్నాయి. ఏది ఎంత అన్నది ఇప్పటికీ తేలలేదు. బిడ్డ రెండురోజులు అన్నం సరిగ్గా తినలేదు.

అప్పుడు బొంబాయి అనుకున్నాం. ముంబై అనాలి గానీ అమ్మీ నోట్లో బొంబాయే. నాంపల్లిలో మధ్యాహ్నం హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి సీఎస్‌ఎంటీ. ఒక లాడ్జికి ఫోన్ చేస్తే గదులున్నాయన్నారు. ఆధార్ కాపీలు పంపాక, ఇప్పుడే నిండిపోయాయన్నారు. పేరువల్లేనని చెప్పలేం. నిజంగానే నిండి ఉండొచ్చు. అలా ఎటూ చెప్పలేకపోవడమే మా జబ్బు. రెండోచోట దొరికింది.

నడకకు ఆ ఊరు వంకపెట్టలేం. సీఎస్‌ఎంటీ ముందు రోడ్డు దాటితే పాత భవనాల కింద కమాన్ల వరస, ఎండైనా వానైనా ఆ నీడలోనే ఫ్లోరా ఫౌంటెన్ దిక్కుకు నడిచిపోవచ్చు. అటునుంచి ఓవల్ మైదాన్, చర్చిగేట్, సముద్రం. మా ఊళ్లో ఫుట్‌పాత్ అంటే ఒక ట్రాన్స్‌ఫార్మరూ, ఒక మిర్చీబజ్జీ బండీ, ఒక తెరిచిన మ్యాన్‌హోలూ. మోకాళ్ల నొప్పుల అమ్మీ అక్కడ అంత దూరం నడిచింది. మెరైన్ డ్రైవ్ మూడున్నర కిలోమీటర్ల పొడవు. గోడమీద కూచుని సముద్రం వైపు కాళ్లు వేలాడేసుకున్న జనం. బుర్ఖా వేసుకున్న ఇద్దరు ఆడపిల్లలు ఒకే మొక్కజొన్న కంకి పంచుకుంటూ దేనికో పడీపడీ నవ్వుతున్నారు. సైకిల్‌మీద చాయ్ అమ్మేవాడు. టైము పన్నెండు కావస్తోంది. మా బిడ్డ మాకన్నా ముందు నడుస్తోంది, కుల్ఫీ పుల్ల చేతిలో. ఇరవై అడుగుల దూరం కాగానే పిలిచాం. ఆగింది. మళ్లీ దూరం పెరిగింది. మళ్లీ పిలిచాం. మూడోసారి పిలవడం మానేశాం. అప్పుడే ఒక పోలీసు వ్యాను మెల్లగా వచ్చింది. మాకు తెలీకుండానే చెయ్యి జేబులో కార్డుమీదికి పోయింది. వ్యాను ఆగలేదు.

ఈ ఊరు స్వర్గమని చెప్పడంలేదు. 1992 డిసెంబర్, 1993 జనవరిలో ఇక్కడ 900 మంది పోయారు. ఎవరేం చేశారో శ్రీకృష్ణ కమిషన్ 1998లో రాసిచ్చింది, దానిమీద ఏం జరిగిందో అందరికీ తెలుసు. మహమ్మద్ అలీ రోడ్డులో ఫిర్నీ తింటున్నప్పుడు మాకు అదీ గుర్తొచ్చింది. ఫిర్నీ బాగుంది.

మూడో రాత్రి అక్కణ్నుంచి కామాటిపురా వైపు నడుద్దామన్నాం. బేగం మొహం మాడిపోయింది. ఆ పేరుకు సినిమాలు అంటించిన మసి అలాంటిది. మనవాళ్ల పేరే అది, అన్నాం. నిజాం రాజ్యంనుంచి రాళ్లు కొట్టడానికి, ఇళ్లు కట్టడానికి పోయిన తెలుగు కూలీలు, కామాటీలు, వాళ్లున్న చోటు గనుక కామాటిపురా. మేం పొద్దున నడిచొచ్చిన ఆ ఊళ్లోని గోడల్లో వాళ్ల చేతులెన్ని ఉన్నాయో! అక్కడ గల్లీలకు నంబర్లు. ఒక గల్లీలో నులకమంచం వేసుకుని ముసలామె కూచుంది. ఎవరినో తిడుతోంది, శుద్ధ పాలమూరు తెలుగులో. అమ్మీ ఆగిపోయింది. "కూసోవచ్చునా అక్కా, మోకాళ్లు గుంజుతున్నయి" అంది, బుర్ఖా ముసుగు పైకెత్తి.

ఆమె జరిగి చోటిచ్చింది. పేరడగలేదు. "ఏ ఊరు బిడ్డా మీది?" అంది.

"నల్లగొండ."

"తురకోళ్లా?"

బేగం మా చెయ్యి పట్టుకుంది. న్యూస్‌రూమ్‌లో విన్న మాటే ఇది. అమ్మీకి ఏం అనిపించిందో, "హౌ అక్కా, తురకోళ్లమే" అని కాళ్లు మంచంమీదికి తీసుకుంది. ఆ ముసలామె తల ఊపి, అటువైపు వానలు పడ్డాయా, జొన్నకు ధర ఎట్లుంది అని అడగడం మొదలుపెట్టింది. ఆమె పుట్టింది బొంబాయిలోనే. పాలమూరు ఎన్నడూ చూళ్లేదట.

ఒంటిగంటకు చినుకులు పడ్డాయి. ఆ ఏడు బొంబాయికి రుతుపవనాలు మే 26నే వచ్చేశాయి. బిడ్డ గొడుగు తేలేదని విసుక్కుంటోంది. అమ్మీ ఇంకా లేవలేదు.