ఎడమ సీటు

తంటా నాన్న వీసాతోనే మొదలైంది. బ్రిటన్ చూడ్డానికిచ్చిన వీసాతో ఫ్రాన్స్ పోనివ్వరు, షెంగెన్ వేరే తీసుకోవాలి. అదొచ్చాక కారు సంగతి. 2021 సెప్టెంబరు 28 నుంచి వెనకాల జీబీ స్టిక్కరు చెల్లదు, యూకే అని ఉండాలి. వెలుగు ఎదుటివాళ్ల కళ్లల్లో కొట్టకుండా హెడ్‌లైట్ల మీద అంటించే చిన్న ముక్కలు, బండి ఆగిపోతే రోడ్డు మీద పెట్టే ఎర్ర త్రికోణం. మెరిసే జాకెట్లు డిక్కీలో కాదు, సీటు దగ్గరే ఉండాలి. దిగకముందే తొడుక్కోవాలి కదా. నాన్న ఒకటి తొడుక్కుని చూసుకుని, "దోర్నాల ఘాట్లో బండాగితే మాకు నాలుగు రాళ్లు, ఒక కొమ్మ" అన్నాడు.

మాది త్రిపురాంతకం. నాన్న మార్కాపురం పలకల లోడు లారీలు నడిపాడు. తమ్ముడికి మీసాలు రాకముందే స్టీరింగు ఇచ్చాడు. నన్ను క్యాబిన్ ఎక్కనిచ్చేవాడు కాదు. నేను డ్రైవింగు నేర్చుకుంది లెస్టర్‌లో, ముప్ఫై దాటాక.

ఫోక్‌స్టన్‌లో కారుతో సహా రైలెక్కితే 35 నిమిషాల్లో అవతలి ఒడ్డు. కుడి పక్కన పోవడం అనుకున్నంత కష్టం కాదు, ముందు బండి వెనకాలే పోతే సరి. బోర్డులేమీ లేని కూడలిలో కుడి సందులోంచి వచ్చేవాడికి దారివ్వాలి. మన దగ్గర సందులోవాడు అడక్కుండా తీసుకునేదే, అక్కడ చట్టం.

ప్రమాదమంతా ముందు ఎవరూ లేనప్పుడే. రెండోరోజు పొద్దున్నే ఒక పల్లెటూరి పెట్రోలు బంకులోంచి బయటికొచ్చా. ఖాళీ రోడ్డు. ఎడమకి తిరిగి, అలవాటు కొద్దీ ఎడమ పక్కనే పోతున్నా. మలుపులోంచి పాల ట్యాంకరు.

"పాపా, కుడికి!"

హారను మోత మమ్మల్ని రాసుకుంటూ పోయింది. పక్కకి తీసి ఆపా. కాళ్లు వణుకుతున్నాయి. ఆడపిల్లకి స్టీరింగెందుకన్నానా అంటాడని కాచుక్కూచున్నా. నీళ్ల సీసా మూత తీసి ఇచ్చాడు.

"క్లీనరుగా ఏడేళ్లు ఈ పక్కనే కూచున్నా. నీకు కనపడంది నాకు కనపడుద్ది. నే చెప్తా, నువ్వు నడుపు."

నిజమే. మన కార్లకి స్టీరింగు కుడివైపు. అక్కడ ముందు ట్రాక్టరుంటే ఎదురొచ్చే బండి డ్రైవరుకి కనపడదు, ఎడమ సీట్లో మనిషికే కనపడుతుంది. ఒక్కరే వెళ్తే దాటే పని పెట్టుకోకండి, ట్రాక్టరు వెనకాలే పోండి.

"ఆగు... ఇంకోటి వస్తా ఉంది... ఆఁ, పోనీ."

మిగిలిన నాలుగు రోజులూ అంతే. తిరిగి ఫోక్‌స్టన్‌లో దిగి మళ్లీ ఎడమ పక్కకి మారాక కూడా ఆయన కిటికీలోంచి తల వంచి చూస్తూ "పోనీ, పోనీ" అంటూనే ఉన్నాడు. నేను చెప్పలేదు.