చక్రాన్ని వదలని మసి

కారుకు పట్టే మురికిలో బ్రేకు పొడి అంత మొండిది మరొకటి లేదు. దాన్ని వదిలించడానికి కండబలం కంటే ఓపిక ముఖ్యం

కారు ఎంత శుభ్రంగా కడిగినా ముందు చక్రాలు మాత్రం కడగనట్టే కనిపిస్తాయి. పైన పెయింటు తళతళలాడుతుంటుంది. అద్దాల మీద వేలిముద్ర కూడా ఉండదు. కిందికి వంగి చూస్తే, వేలకు వేలు అదనంగా పోసి వేయించుకున్న అల్లాయ్ వీల్స్ ఊచల మధ్య, బోల్టుల గుంటల్లో గోధుమరంగు కలిసిన నల్లటి పొర. తుడిస్తే వేలికి అంటుతుంది తప్ప చక్రాన్ని వదలదు. "ఏమయ్యా, చక్రాలు వదిలేశావే?" అంటాడు యజమాని. "రుద్దాను సార్, పోవట్లేదు" అంటాడు కారు కడిగే కుర్రాడు. కుర్రాడు అబద్ధమాడటం లేదు. హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో వారం వారం వినిపించే ఈ మాటలు తరచుగా తేలేది రెండు పరిష్కారాల దగ్గరే. ఒకటి గరుకు పీచు, రెండోది బాత్రూం కడిగే యాసిడ్. రెండూ చక్రానికి చేటే. రెండోది కడిగేవాడికి కూడా.

చాలామంది దీన్ని రోడ్డు దుమ్ము అనుకుంటారు. నిజానికి ఇది కారు తనలోంచి తానే రాల్చుకున్న పొడి. బ్రేకు తొక్కగానే, చక్రంతోపాటు తిరిగే పోత ఇనుము డిస్క్‌ను రెండు పక్కల నుంచీ ప్యాడ్లు నొక్కిపడతాయి. ఆ రాపిడిలో కారు వేగమంతా వేడిగా మారుతుంది. 1,200 కిలోల కారు గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆగినప్పుడు పుట్టే వేడితో సుమారు ఒకటిన్నర లీటర్ల నీళ్ళను మరిగేదాకా కాచవచ్చు. అదంతా కొద్ది సెకన్లలో, అరచేతిలో పట్టేంత ప్యాడ్ల దగ్గర జరిగిపోతుంది. ప్రతిసారీ డిస్క్ నుంచి కాస్త ఇనుము, ప్యాడ్ నుంచి కాస్త లోహపు పీచు, గ్రాఫైటు, వీటన్నిటినీ కలిపి పట్టి ఉంచే రెసిన్ అరిగి రాలతాయి. అరగకుండా ఆపే డిస్క్ బ్రేకు లేదు.

రాలిన రేణువుల్లో చాలా భాగం 10 మైక్రాన్ల కంటే సన్నవి. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు అనుకుంటే ఇవి ఎంత చిన్నవో ఊహించుకోవచ్చు. వేడి మీదున్న ఈ రేణువులు వెళ్ళి చక్రం మీద వాలతాయి. అల్లాయ్ వీల్ అల్యూమినియం మిశ్రమంతో చేసింది. దానికి రక్షణగా పైన పలుచటి, పారదర్శకమైన లాకర్ పూత ఉంటుంది. ఆ పూతకు అతుక్కున్న ఇనుప రేణువు మంచుకో వానకో తడిసి తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, పూతను మరింత గట్టిగా కరుచుకుంటుంది. నల్లటి మసి కొన్నాళ్ళకు నారింజ రంగు చుక్కలుగా మారేది ఇందుకే. మొదటి వారంలో ఉత్త నీళ్ళకే చాలావరకు పోయే పొడి, కొన్ని నెలలు వదిలేస్తే షాంపూకు కూడా లొంగదు. విశాఖపట్నం లాంటి సముద్రతీర నగరాల్లో తేమ, ఉప్పుగాలి కలిసి ఈ పనిని ఇంకా త్వరగా పూర్తిచేస్తాయి.

మరి ముందు చక్రాలకే ఎందుకు ఎక్కువ? బ్రేకు వేసినప్పుడు కారు బరువు ముందుకు ఒరుగుతుంది. కాబట్టి ఆపే పనిలో పెద్ద వాటా ముందు బ్రేకులదే. పైగా మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో చాలావాటికి వెనక ఉండేది డ్రమ్ బ్రేకు. అందులో అరిగిన పొడి డబ్బాలో పడ్డట్టు చాలావరకు లోపలే ఉండిపోతుంది. వెనక చక్రాలు శుభ్రంగా కనిపించేది అందుకే. కారు తయారైన చోటును బట్టి కూడా తేడా ఉంటుంది. యూరప్ కార్ల ప్యాడ్లలో సాధారణంగా లోహం పాలు ఎక్కువ. భారీ వేగం నుంచి నమ్మకంగా ఆపడానికి అది మేలే. కాకపోతే డిస్క్‌ను ఎక్కువగా గీకుతుంది, పొడి ఎక్కువగా రాలుస్తుంది. సిరామిక్ తరహా ప్యాడ్ల పొడి తక్కువ, రంగు కూడా లేత. పక్కింటివారి చిన్న కారు చక్రాలు తెల్లగా ఉండి, లక్షలు ఎక్కువ పెట్టిన జర్మన్ కారు చక్రాలు వారానికే నల్లబడితే కంగారుపడనక్కర్లేదు.

తొక్కే కాలు సంగతి కూడా చెప్పుకోవాలి. తిరుమల కొండ దిగే దారిలో అప్పుడప్పుడు మాడు వాసన ముక్కుకు తగులుతుంది. 1944లో ప్రారంభమైన మొదటి ఘాట్ రోడ్డునే ఇప్పుడు దిగడానికి వాడుతున్నారు. కింది గేరు వేసి ఇంజన్ పట్టుమీద దిగేవారి బ్రేకులు చల్లగా ఉంటాయి. పై గేరులోనో న్యూట్రల్‌లోనో వదిలేసి బ్రేకు మీదే కాలు ఆనించి దిగేవారి ప్యాడ్లు కాలిపోతుంటాయి. ఆ రెండు కార్ల చక్రాలను కొండ కింద పక్కపక్కన నిలిపి చూస్తే తేడా తెలిసిపోతుంది. నగరంలో రెడ్ సిగ్నల్ దూరం నుంచే కనిపిస్తున్నా చివరిదాకా వేగంగా వెళ్ళి గట్టిగా తొక్కే అలవాటు కూడా ఇలాంటిదే.

ఇక వదిలించే విషయం. ముందు చేయకూడనివి. బాత్రూం యాసిడ్ అంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లం. అది మసిని కరిగిస్తుంది నిజమే. దాంతోపాటు లాకర్ పూతను పాడుచేసి, ఎక్కడ గీత దొరికితే అక్కడ అల్యూమినియంను తింటుంది. ఆ రోజుకు చక్రం మెరుస్తుంది, కొన్నాళ్ళకు తెల్లటి మచ్చలు తేలతాయి. వాటికి మందు లేదు, మళ్ళీ పూత వేయించాల్సిందే. చక్రాల కోసమే అమ్మే కొన్ని ఘాటు ద్రావణాల్లో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం గానీ, దానికి దగ్గరి రసాయనాలు గానీ ఉంటాయి. ఇవి మరీ ప్రమాదం. పలచటి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం చర్మం మీద పడితే వెంటనే మంట తెలియకపోవచ్చు. కొన్ని గంటల తర్వాత లోపలి కణజాలం దెబ్బతిన్నాక నొప్పి మొదలవుతుంది. కాబట్టి సీసా మీద ఏం రాసి ఉందో చదవకుండా కడిగేవాడి చేతికి ఇవ్వడం తప్పు. స్టీలు పీచుతో రుద్దితే పూత మీద సన్నటి గీతలు పడి, తర్వాతి పొడి వాటిలోనే స్థిరపడుతుంది. కొందరు డీజిల్ గుడ్డతో తుడుస్తారు. ఆ జిడ్డు డిస్క్‌కు, ప్యాడ్‌కు తగిలితే బ్రేకు పట్టు తప్పుతుంది. మెరుపు కోసం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే అది.

సరైన పద్ధతిలో పెద్ద రహస్యమేమీ లేదు. కారు నీడలో ఉండాలి, చక్రం చేత్తో తాకితే చల్లగా ఉండాలి. అప్పుడే ప్రయాణం చేసి వచ్చిన కారు డిస్క్ మీద చన్నీళ్ళు కొడితే అది వంకరపోయే ప్రమాదముంది. వేడి చక్రం మీద రసాయనం ఆరిపోయి మరకలు పడతాయి. ముందుగా ధారాళంగా నీళ్ళు కొట్టి, రాలిపోయే పొడినంతా రాలనివ్వాలి. పొడిగా ఉన్నప్పుడు గుడ్డతో తుడవడమంటే ఇనుప రజనుతో చక్రాన్ని గీకడమే. తర్వాత కారు షాంపూ నురుగుతో, మెత్తటి బ్రష్షుతో ఒక్కో చక్రాన్నీ విడిగా కడగాలి. ఊచల వెనక భాగం, బోల్టుల గుంటలు మరిచిపోకూడదు. చక్రాలకు వాడిన బకెట్టు, గుడ్డ వేరుగా పెట్టుకోవాలి. అదే గుడ్డతో బానెట్ తుడిస్తే ఆ గీతలు జీవితాంతం ఉంటాయి.

అప్పటికీ పోని మసికి ఇనుమును కరిగించే ప్రత్యేక ద్రావణాలు దొరుకుతాయి. ఆమ్లం, క్షారం కాని రకం ఎంచుకోవాలి. వీటిలో సాధారణంగా ఉండేది థయోగ్లైకొలేట్ జాతి రసాయనం. బ్యూటీ పార్లర్లలో జుట్టును ఉంగరాలు తిప్పడానికి, అవాంఛిత రోమాలు తొలగించే క్రీముల్లోనూ వాడేది ఈ కుటుంబాన్నే. కుళ్ళిన గుడ్డు లాంటి ఆ వాసన అందుకే. చల్లిన ఒకటి రెండు నిమిషాల్లో చక్రం మీద ఊదా రంగు ధారలు దిగుతాయి. రసాయనం ఇనుముతో కలిసినందుకు గుర్తు అది. సీసా మీద చెప్పినంతసేపు, సాధారణంగా కొద్ది నిమిషాలు, ఉంచి, ఆరిపోకముందే మెత్తటి బ్రష్షుతో కదిపి నీళ్ళతో పూర్తిగా కడిగేయాలి. మొండి చుక్కలుంటే ఇంకోసారి. ఏళ్ళ తరబడి పేరుకున్నది ఒక్క రోజులో పోవాలని పట్టుబట్టకపోవడం మంచిది. చివరగా చేతికి గరుకుగా తగిలే చోట, కార్లకు వాడే క్లే ముక్కను తడి మీద తేలికగా జరిపితే మిగిలిన రేణువులు ఊడి వస్తాయి. ఆరాక మైనమో సీలెంటో పూస్తే తర్వాతి పొడి అంత గట్టిగా పట్టుకోదు. ఆ పూత డిస్క్‌కు మాత్రం తగలకూడదు. కడగడం పూర్తయ్యాక కారును నెమ్మదిగా నడిపి, రెండు మూడుసార్లు బ్రేకు తొక్కి డిస్క్‌ల తడి ఆరబెట్టాలి.

ఇంత చేసినా చక్రం మీద దొరికింది మొత్తం పొడిలో ఒక భాగమే. అరిగిన దాంట్లో ఉజ్జాయింపుగా మూడో వంతు నుంచి సగం దాకా గాలిలో కలిసిపోతుంది. పొగ గొట్టం నుంచి వచ్చే కాలుష్యానికి ముకుతాడు వేసిన దేశాలు కూడా దీన్ని చాలాకాలం పట్టించుకోలేదు. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎస్-6 ప్రమాణాలు బ్రేకు పొడికి పరిమితి పెట్టలేదు. యూరోపియన్ యూనియన్ 2024లో ఆమోదించిన యూరో-7 నిబంధనలు మొదటిసారిగా ఆ పని చేశాయి. కొత్త మోడల్ కార్లకు 2026 నవంబరు 29 నుంచి వర్తించేలా, పెట్రోలు, డీజిలు కార్ల బ్రేకుల నుంచి గాలిలోకి వెళ్ళే సన్నటి పొడి కిలోమీటరుకు 7 మిల్లీగ్రాములు, పూర్తి విద్యుత్ కార్లకు 3 మిల్లీగ్రాములు మించరాదని నిర్ణయించాయి. 7 మిల్లీగ్రాములు అల్పంగానే వినిపిస్తుంది. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగే కారుకు లెక్కిస్తే అది 84 గ్రాములు. విద్యుత్ కార్లు మోటారుతోనే వేగాన్ని చాలావరకు తగ్గించుకుని బ్యాటరీ నింపుకుంటాయి కాబట్టి వాటి ప్యాడ్లకు పని తక్కువ.

నీళ్ళలో కలిసింది కూడా ఊరుకోదు. ప్యాడ్లలోని రాగి వానలకు కొట్టుకుపోయి వాగుల్లో చేరితే సాల్మన్ చేపల వాసన పసిగట్టే శక్తి దెబ్బతింటుందని అమెరికాలో గుర్తించారు. వాషింగ్టన్, కాలిఫోర్నియా రాష్ట్రాలు 2010లో ప్యాడ్లలో రాగిని దశలవారీగా తగ్గించే చట్టాలు చేశాయి.

చేపల సంగతి అలా ఉంచితే, ఈ పొడికి అందరికంటే దగ్గరగా మొహం పెట్టేది రోడ్డు పక్క షెడ్డులో మెకానిక్, సెల్లారులో కార్లు కడిగే మనిషి. డ్రమ్ము విప్పి గాలి పైపుతో ఒక్క ఊదు ఊదితే, ఏళ్ళ తరబడి లోపల దాగిన పొడి ఒక్కసారిగా మేఘంలా లేస్తుంది. దశాబ్దాల పాటు బ్రేకు లైనింగ్‌లలో ఆస్బెస్టాస్ వాడారు. దాని పీచు ఊపిరితిత్తుల్లో చేరితే క్యాన్సర్‌కు దారితీస్తుంది, అదీ చాలా ఏళ్ళ తర్వాత. యూరోపియన్ యూనియన్ 2005 నుంచి దాని వాడకాన్ని నిషేధించింది. అమెరికా పర్యావరణ సంస్థ 2024 మార్చిలో ప్రకటించిన నిషేధం జాబితాలో విడిగా అమ్మే బ్రేకు లైనింగ్‌లు కూడా ఉన్నాయి. పాత బండిలోనో, పేరూ ఊరూ లేని చవక లైనింగ్‌లోనో ఏముందో కంటితో చూసి చెప్పలేం. కాబట్టి ఏ బ్రేకునైనా గాలితో ఊదకుండా తడిపి తుడవడమే క్షేమం.

యజమానులు సీలెంటు కోసం, సువాసన డబ్బా కోసం వందలు ఖర్చుపెడతారు. అదే దుకాణంలో రబ్బరు చేతి తొడుగుల జత, మంచి మాస్కు కూడా దొరుకుతాయి. తెల్లవారుజామున వరసగా పది కార్లు కడిగే మనిషి వాటిని తనకోసం తాను కొనుక్కోడు, కావాలని అడగడు. వచ్చే ఆదివారం చక్రాల గురించి మాట వచ్చినప్పుడు ఇంకా గట్టిగా రుద్దమని చెప్పే బదులు, ముందు తడిపి కాసేపు ఆగమని చెప్పాలి. చేతి తొడుగులు ముందురోజే కొని ఇచ్చి ఉంచితే మరీ మంచిది.