తూకానికి భోజనం

పరాయి దేశంలో శాకాహారికి భోజనం కంటే ముందు విచారణ ఉంటుంది. స్విట్జర్లాండ్‌లో నాకు అది నిత్యకృత్యం. కూరగాయల సూపే కదా అనుకుంటే అది ఎముకల నీళ్లలో మరిగినదై ఉండొచ్చు. ఆలుగడ్డ తురుముతో చేసే రోష్టి పైకి అమాయకంగా కనిపిస్తుంది, తిరగేస్తే పంది మాంసం ముక్కలు. గ్రుయేర్ ఛీజ్ కోసం పాలు విరగ్గొట్టడానికి దూడ పొట్టలోంచి తీసిన పదార్థం వాడతారు. ఇవన్నీ ఆరా తీసేసరికి వడ్డించే అమ్మాయికి ఓపిక పోతుంది, వెంట వచ్చినవాళ్లకి ఆకలి పోతుంది.

అందుకే జ్యూరిక్‌లో సీల్‌స్ట్రాసె మీదున్న హిల్టల్‌లో అడుగుపెడితే ముందు నోటికి విశ్రాంతి దొరుకుతుంది. 1898లో తెరిచిన హోటల్ ఇది. ఆగకుండా నడుస్తున్న శాకాహార హోటళ్లలో ప్రపంచంలోకెల్లా పాతదని గిన్నిస్‌కి ఎక్కింది. మొదట్లో ఇక్కడ తినేవాళ్లని ఊళ్లోవాళ్లు గడ్డిమేసేవాళ్లని వెక్కిరించేవారట. దీన్ని నిలబెట్టిన ఆంబ్రోసియస్ హిల్టల్ బవేరియా నుంచి వచ్చిన దర్జీ. కీళ్లనొప్పులతో పని సాగక డాక్టర్ దగ్గరికి వెళితే మాంసం మానేయమన్నాడు. మ్యూస్లీని ప్రపంచానికి అలవాటు చేసిన బిర్షర్-బెన్నర్ ఆ డాక్టరే. దర్జీ మానేశాడు, కోలుకున్నాడు, తినడానికి వచ్చిన హోటల్‌ని చివరికి తనే నడిపాడు. అక్కడి వంటావిడనే పెళ్లి కూడా చేసుకున్నాడు. బుద్ధిమంతుడు.

ఈ కథలో కులం లేదు, నాకు నచ్చింది అదే. మన దగ్గర "మేం తినమండీ" అనగానే ఎదుటివాళ్లు మనసులో ఇంటిపేరు వెతుక్కుంటారు. అద్దె ఇల్లు దొరకడం, దొరక్కపోవడం కూడా ఆ ముక్క మీదే తేలిపోతుంది. ఇక్కడ పక్క బల్ల దగ్గర కూర్చున్నావిడ మధ్యాహ్నానికి శాకాహారి, రాత్రికి ఏం తింటుందో ఆవిడిష్టం.

బఫేలో వందకు పైగా రకాలు. పళ్లెం నింపుకుని తూకం మీద పెడితే గ్రాముల లెక్కన బిల్లు వేస్తారు. అప్పుడు చూడాలి తెలుగు బుర్ర పనితనం! అప్పడానికి బరువేముంది, రెండు వేసుకో. పెరుగు బరువు, చూసి వడ్డించుకో. ఫ్రాంకులు పోసి పుచ్చకాయ ముక్కలు పెట్టుకునేవాణ్ణి చూస్తే జాలేస్తుంది, నీళ్లు కొనుక్కుంటున్నాడు పాపం.

కూరల వరసలో మనవాళ్లవీ ఉంటాయి. హిల్టల్ ఇంటి కోడలు మార్గ్రిత్ 1950లలో శాకాహార మహాసభ కోసం ఢిల్లీ వెళ్లి, మన వంటల మీద మోజుతో తిరిగొచ్చింది. ధనియాలు, పసుపు, జీలకర్ర ఆ రోజుల్లో ఇక్కడ దొరికేవి కావు, తెప్పించుకోవాల్సి వచ్చేది. అంత శ్రమపడ్డ మనిషిని తప్పుపట్టకూడదు గానీ, ఢిల్లీలో రైలెక్కి విజయవాడలో దిగి ఉంటే బాగుండేది. ఇక్కడి కూరల్లో కారం మొహమాటపడుతుంది, చింతపండు జాడే ఉండదు.

అందుకే నేను కూరల్ని దాటి ఈ ఊరి వంట దగ్గరికి వెళతాను. జ్యూరిక్ వాళ్లకి దూడమాంసాన్ని సన్నగా తరిగి, మీగడతో వండి రోష్టితో తినడం ప్రాణం. ఆఫీసు క్యాంటీన్‌లో ఎదురుగా కూర్చున్నవాళ్లు తింటుంటే ఆ వాసన పీల్చడమే తప్ప రుచి తెలియదు. హిల్టల్‌లో దాన్ని గోధుమపిండి నుంచి తీసిన సేతాన్‌తో చేస్తారు. పుట్టగొడుగుల ఘాటు పట్టిన మీగడ, అడుగున కరకరలాడే రోష్టి. వెంట వచ్చిన స్విస్ సహోద్యోగి నా పళ్లెంలోంచి ఒక ముక్క తీసుకుని నమిలి, అసలుది ఇలా ఉండదని తల అడ్డంగా ఊపాడు. అసలుది నేనెలాగూ తినను, నాకిదే అసలు. ఇంకాస్త పెట్టుకుని మళ్లీ తూకానికి వెళ్లాను.